పెన్షనరు ఏ వీధిలో ఉండాలి?

(డిసెంబరు 17, పెన్షనర్ల దినోత్సవం సందర్భంగా వనపర్తిలో జరిగిన సభలో చేసిన ప్రసంగ పాఠం)



1982లో ఇదే తేదీన సుప్రీంకోర్టు నకారా కేసులో తీర్పు చెప్పి, పెన్షను ఎవరో దయతలచి ఇచ్చేది కాదు, మన హక్కు అని తేల్చింది. దాని గురించి నా కంటే ముందు మాట్లాడిన వారు వివరంగా చెప్పారు. బకాయిల గురించీ, కరువు భత్యం గురించీ చెప్పవలసినవారు నా తర్వాత చెబుతారు. మన కార్యదర్శి గారు నాకు అప్పగించిన విషయం వేరు. రిటైరైన మనిషి ఏ ఊళ్ళో, ఆ ఊళ్ళో ఏ వీధిలో ఉండాలి? చూడటానికి చిన్న విషయమే. కాని సంఘం ఆఫీసులో నా దగ్గరికి కాగితాలు పట్టుకొని వచ్చేవారిలో సగం మంది అడిగేది ఇదే.

నేను రెవెన్యూలో ఎల్.డి.సి.గా చేరి, సూపరింటెండెంటుగా 2008లో దిగిపోయినాను. పాత మహబూబ్‌నగర్ జిల్లాలో గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ మూడింటిలోనూ పని చేసినాను. మూడు చోట్లా కిరాయి ఇండ్లలోనే ఉన్నాను. పట్వారీల కాలం చూసినాను, 1985లో మండలాలు వచ్చినప్పుడు తాలూకా దఫ్తరు ఫైళ్ళు ఎడ్లబండ్ల మీద పంచిపెట్టడమూ చూసినాను. 2016 అక్టోబరు 11న ఈ మూడు ఊళ్ళూ ఒక్కరోజే జిల్లా కేంద్రాలైనాయి. అంతవరకు తాలూకా కేంద్రం మాదిరిగా ఉన్న ఊరికి రాత్రికి రాత్రి కలెక్టరు వచ్చినారు, ఎస్.పి. వచ్చినారు, వారి వెంట నూరు ఆఫీసులు వచ్చినాయి. కిరాయిలు పెరిగినాయి. ఊరి బయట జొన్నచేలు ప్లాట్లైనాయి. ముందు ఊరికి దూరమనుకున్న చోటు ఇప్పుడు ఊరి నడుమకు వచ్చింది. అందుకే ఇరవై ఏండ్ల కింద మనం వేసుకున్న లెక్కలు ఇవాళ పనికిరావు.

ముందుగా ఊరి సంగతి.

గద్వాలకు రైలు ఉంది. సికింద్రాబాద్, కర్నూలు లైను పాతదే. 2013లో రాయచూరు లైను కలిసి జంక్షనైంది. కర్నూలైనా, రాయచూరైనా సుమారు అరవై కిలోమీటర్లు. కర్నూలు పెద్దదవాఖాన గద్వాల వారికి తాతల కాలం నుండీ దిక్కు. అయితే 2014 జూన్ 2 తర్వాత కర్నూలు పక్క రాష్ట్రం. మన హెల్త్ కార్డు అక్కడ ఏ ఆసుపత్రిలో చెల్లుతుందో, ఏ జబ్బుకు చెల్లుతుందో ఒంట్లో బాగున్నప్పుడే అడిగి తెలుసుకోండి. స్ట్రెచరు మీద పడుకొని అడిగే ప్రశ్న కాదది. రైలు ఉందని సంబరపడే వారికి ఇంకొక మాట: వృద్ధులకిచ్చే టికెట్టు రాయితీని 2020 మార్చిలో తీసేసినారు, మళ్ళీ ఇవ్వలేదు.

వనపర్తికి రైలు పేరుకు మాత్రమే ఉంది. స్టేషను పేరు వనపర్తి రోడ్. అది మదనాపురం దగ్గర ఉంది. పరాయి ఊరి చుట్టం ఆ పేరు నమ్ముకొని సామానుతో దిగితే, అక్కడి నుండి బస్సో ఆటోనో వెతుక్కోవాలి. అయితే వనపర్తికి జాతీయ రహదారి దగ్గర. పెబ్బేరు దగ్గరనో, కొత్తకోట దగ్గరనో ఎక్కితే హైదరాబాదు మూడు గంటలు. నాగర్‌కర్నూల్‌కు రైలే లేదు. గద్వాల నుండి మాచర్లకు లైను వేస్తారని నేను ఉద్యోగంలో చేరకముందు నుండీ వింటున్నాను. దాన్ని నమ్ముకొని ప్లాటు కొన్న వారిని కూడా చూసినాను. కాని మూడింటిలో పట్నానికి దగ్గరైనది నాగర్‌కర్నూలే.

వైద్యం విషయంలో ఇప్పుడు పెద్ద తేడా లేదు. వనపర్తి, నాగర్‌కర్నూల్‌లకు 2022లో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు వచ్చినాయి, గద్వాలకు 2024లో వచ్చింది. మనం ఉద్యోగం చేసే రోజుల్లో గుండెనొప్పి అంటే జీపులో పాలమూరుకో, కర్నూలుకో పరుగు. ఇవాళ కనీసం మొదటి గంటలో చూసే డాక్టరు ఊళ్ళోనే ఉన్నాడు.

కాబట్టి, మిత్రులారా, ఊరు ఏదైనా ఫరవాలేదని నా అభిప్రాయం. నలుగురు మిమ్మల్ని పేరు పెట్టి పిలిచే ఊరైతే చాలు. చిక్కంతా వీధి దగ్గరే వస్తుంది.

దీనికి మా ఇంటి సంగతే చెప్పాలి. నేను రిటైరైనప్పుడు మా ముందర మూడు దారులున్నాయి. నా సొంతూరు నాగర్‌కర్నూల్ దగ్గరి పల్లె. మా ఆవిడ పుట్టిల్లు గద్వాల. నేను చివర పని చేసింది వనపర్తి. కమ్యుటేషను, గ్రాట్యుటీ చేతికొచ్చినాయి. ఆ డబ్బు చేతిలో ఉంటే ఎట్లా ఉంటుందో మీకు తెలుసు. ప్లాట్ల వాళ్ళు పెండ్లి సంబంధాల వాళ్ళ కంటే ఎక్కువగా వచ్చి కూర్చునేవారు. నా మనసు పెద్ద ప్లాటు మీద ఉండేది. ముప్పై అయిదేండ్లు రెండు గదుల్లో ఉన్నవాడికి ఆ ఆశ ఉంటుంది. మామిడిచెట్టు, బావి, వరండా, ముందు కుర్చీ.

మా ఆవిడ ఒక రాత్రి భోజనాలయ్యాక అడిగింది. "మీరుంటే అడివిల ఉన్నా నాకు ఇల్లే. మీరు లేనినాడు నేను ఎవర్ని పిలవాలె? ఆ సంగతి చెప్పి, అప్పుడు కొనండి." ఆమె వయసు అప్పటికి యాభై రెండు. నాకు షుగరు. లెక్క ఆమెకు తెలుసు.

ఇక్కడ కూర్చున్న మగవాళ్ళందరికీ మనవి చేస్తున్నాను. మనం ఇల్లు చూసేటప్పుడు మనమిద్దరం ఉండే ఇల్లు చూస్తాం. మన ఇండ్లలో సాధారణంగా భార్యది మన కంటే చిన్న వయసు. ఆ ఇంట్లో చివరి పదేండ్లు, పదిహేనేండ్లు ఉండేది ఆమె ఒక్కతే. డబ్బు లెక్క కూడా చూడండి. పూర్తి సర్వీసు ఉన్నవాడికి పెన్షను చివరి మూలవేతనంలో సగం. అతడు పోతే భార్యకు వచ్చేది 30 శాతం. మొదటి కొన్నాళ్ళు ఎక్కువ ఇచ్చే నిబంధన ఒకటున్నది కాని, నిర్ణీత వయసు దాటి పోయినవారి ఇంట్లో అది వర్తించదు. అంటే మనకు నూరు రూపాయలు వచ్చే ఇంట్లో ఆమెకు అరవై వస్తాయి. పెద్ద ఇంటి సున్నాలు, మోటారు రిపేరు, ఇంటి పన్ను మాత్రం నూరు రూపాయలవే ఉంటాయి.

ఒక మిత్రుని సంగతి చెబుతాను. పేరు వద్దు, పిల్లలున్నారు. నాతోపాటే రిటైరైనాడు. బైపాసు అవతల నాలుగు వందల గజాల్లో చూడముచ్చటైన ఇల్లు కట్టినాడు. ఇల్లు కట్టి చూడు అన్నారు, ఆయన కట్టి చూపించినాడు. గృహప్రవేశానికి మేమంతా పోయి మెచ్చుకున్నాం. చుట్టూ ఎనిమిది ప్లాట్లు ఖాళీ. రేపో ఎల్లుండో కడతారన్నాడు. వాళ్ళు ధర పెరగాలని కొన్నవాళ్ళు, కట్టాలని కాదు. ఆయనకు స్కూటరు ఉన్నంతకాలం ఏ లోటూ లేదు. ఆయన పోయినాక ఆమె ఏడాదిన్నర ఉంది. పాల ప్యాకెట్టుకు కిలోమీటరు నడవాలి. చీకటి పడితే తలుపు తీయటానికి భయం. చివరికి కొడుకు వచ్చి పట్నం తీసుకుపోయినాడు. మంచి కొడుకే, మంచి కోడలే. అయిదో అంతస్తులో గాజు తలుపు వెనక కూర్చుంటుంది. మొన్న ఫోనులో మా ఆవిడతో అన్నదట, "వదినా, ఇక్కడ నా పేరు ఎవరికీ తెలవదు, అందరూ ఫలానా వాళ్ళ అమ్మ అంటరు." ఇంటికి తాళం. ఇప్పుడా తాళం తీసేవాళ్ళు కూడా లేరు.

మేము వెంటనే కొనలేదు. రెండేండ్లలో మూడు చోట్ల కిరాయికి ఉన్నాం. మొదట పాత బజారులో. తర్వాత కొత్త కాలనీలో. చివరికి ఆ రెండింటికీ నడుమ, ఎనభైలలో టీచర్లు, గుమాస్తాలు, కాంపౌండర్లు అప్పులు చేసి కట్టుకున్న వీధిలో. నా సలహా కూడా ఇదే. కొనబోయే వీధిలో ముందు ఒక ఎండాకాలం, ఒక వానాకాలం కిరాయికి ఉండండి. మే నెలలో నల్లా వస్తుందా, ఆగస్టులో మోరీ పొంగుతుందా అన్నది మధ్యవర్తి చెప్పడు.

మా ఆవిడ వీధిని చూసే పద్ధతి నాకు ఆశ్చర్యం కలిగించింది. నేను హద్దులు, సర్వే నంబరు చూస్తుంటే ఆమె అడుగులు లెక్కపెట్టేది. ఇంటి నుండి కిరాణం, పిండి గిర్ని, మందుల దుకాణం, గుడి, ఆటో స్టాండు. కుంటుకుంటూ పోయినా పది నిమిషాల్లో చేరాలని ఆమె లెక్క. సాయంత్రం అయిదు గంటలకు ఆ వీధిలోకి పోయి అరుగుల మీద ఎంతమంది ఆడవాళ్ళు కూర్చున్నారో చూసేది. ఒక కాలనీలో ఇండ్లన్నీ మేడలే, వాకిళ్ళన్నీ ఇనుప గేట్లే, ఒక్క మనిషి బయట లేదు. "ఈడ కుక్కలు తప్ప మనుషులు లేరు, పోదాం పాండి" అన్నది. అంతే, అక్కడ ఇంకో మాట లేదు.

పాత బజారు ఎందుకు వద్దనుకున్నామో చెప్పాలి. మన మూడు ఊళ్ళలో కోటల చుట్టూ, పాత చెరువు కట్టల కింద పెరిగిన వీధులకు ఒక అందముంది. గద్వాలలో కోట, చెన్నకేశవుని గుడి చుట్టుపక్కల వీధుల్లో మగ్గం చప్పుడు వింటూ పెరిగిన మా ఆవిడకు అది ప్రాణం. కోటలోనే డిగ్రీ కాలేజీ ఉంది, సాయంత్రాలు జనం, సందడి. ఒంటరితనం అన్న మాటే ఉండదు. కాని సందుల వెడల్పు చూడండి. రెండు మోటారుసైకిళ్ళు ఎదురైతే ఒకటి వెనక్కి పోవాలి. 2005 నుండి 108 అంబులెన్సు ఉంది, మంచి సేవ. అది మీ గడప దాకా రాగలదా? నేను చూసిన చాలా పాత ఇండ్లకు రాలేదు. మంచం మీద నలుగురు మోసుకొచ్చి మెయిన్ రోడ్డు మీద ఎక్కించాలి. పైగా ఆ ఇండ్ల గడపలు ఎత్తు, మెట్లు నిటారు, మరుగుదొడ్డి పెరటి చివర. నలభై ఏండ్లప్పుడు అది వ్యాయామం, డెబ్భై అయిదప్పుడు తుంటి ఎముక.

కొత్త కాలనీల వైపు పోదామంటే ఇంకొక రకం. వనపర్తిలో 2022లో, గద్వాల, నాగర్‌కర్నూల్‌లలో 2023లో కొత్త సమీకృత కలెక్టరేట్లు తెరిచినారు. ఊరికి కొంచెం ఎడంగా, పెద్ద ఆవరణల్లో. వాటి చుట్టూ ప్లాట్లకు రెక్కలొచ్చినాయి. "కలెక్టరేటుకు ఎదురుగా సార్" అని మనకు కరపత్రాలు పంచుతారు. నేను అడిగేది ఒక్కటే. పెన్షనరుకు కలెక్టరేటుతో రోజూ ఏం పని? పెన్షను బ్యాంకులో పడుతుంది. లైఫ్ సర్టిఫికెట్టు కూడా ఇప్పుడు సెల్‌ఫోనులో ముఖం చూపి ఇవ్వవచ్చు. మనకు కావలసింది కలెక్టరేటు కాదు, కూరగాయల బండి.

ఇక రెవెన్యూ మనిషిగా చెప్పవలసినది ఒకటున్నది. ఇది శ్రద్ధగా వినండి, మీ పిల్లలకు కూడా చెప్పండి. పాతకాలపు రాజులు చెరువులు తవ్వించినారు. శ్రీరంగాపురంలో రంగసముద్రం, నాగర్‌కర్నూల్‌లో కేసరి సముద్రం, వనపర్తిలో ఊరి చుట్టూ చెరువులు. వానలు లేని ఏండ్లలో ఈ చెరువుల శిఖం భూమి ఎండి, చదునుగా, బ్రహ్మాండంగా కనిపిస్తుంది. మధ్యవర్తి అక్కడ రాళ్ళు పాతి ప్లాట్లు చేస్తాడు. పది పదిహేనేండ్లు నీళ్ళు రాకపోతే అది చెరువని కొత్తవాళ్ళకు తెలియదు. మన ప్రాంతంలో అట్లాంటి ఏండ్లు ఎన్నో గడిచినాయి. ఇప్పుడు కల్వకుర్తి ఎత్తిపోతల, జూరాల కాలువల నీళ్ళతో ఎండిన చెరువులు నిండుతున్నాయి. మదనాపురం దగ్గరి సరళా సాగర్, 1959లో పూర్తైన ప్రాజెక్టు, నిండి ఉండగా 2019 డిసెంబరు 31న కట్ట తెగింది. వానాకాలం కాదు, డిసెంబరు నెల. నీళ్ళకు తమ జాగ గుర్తుంటుంది. 2009 అక్టోబరులో తుంగభద్ర కర్నూలును ముంచినప్పుడు, ఆలంపూర్ వైపు మన బంధువులు ఇండ్ల కప్పుల మీద గడిపిన సంగతి మరిచిపోగలమా? హైదరాబాదులో 2024లో హైడ్రా అని పెట్టి చెరువుల్లోని కట్టడాలు కూలుస్తుంటే టీవీలో చూసినాం. మన దగ్గర అట్లాంటి సంస్థ లేకపోవచ్చు, చెరువు చట్టం మాత్రం అందరికీ ఒకటే.

అందుకని, ప్లాటు చూపిన రోజే పాత పహాణీ నకలు తీయించండి. కొత్త కాగితాలు కాదు, పాతవి. సర్వే నంబరుకు ఎదురుగా శిఖం అనో, కుంట అనో, వాగు అనో రాసి ఉంటే చాయ తాగి ఇంటికి వచ్చేయండి, బేరం వద్దు. ఇరిగేషను వారి దగ్గర ఎఫ్.టి.ఎల్. హద్దు అడగండి. లేఅవుటుకు అనుమతి ఉందా చూడండి. లేని వాటిని క్రమబద్ధం చేస్తామని 2020లో దరఖాస్తులు తీసుకున్నారు. దరఖాస్తు రసీదు వేరు, మంజూరు వేరు. రసీదు చూపి అమ్మేవాళ్ళున్నారు. రిజిస్ట్రేషను అయిందంటే అంతా సక్రమమని అనుకోవద్దు. రిజిస్ట్రారు ఆఫీసు అమ్మకానికి సాక్షి మాత్రమే, నేల కింద నీళ్ళున్నాయా అని చూడదు.

కులం సంగతి కూడా దాచకుండా మాట్లాడుకుందాం. మనలో చాలామంది వీధి వెతకడం అంటే మనవాళ్ళ వీధి వెతకడం అనుకుంటారు. కిరాయికి పోయినప్పుడు ఇంటివాళ్ళు మొదట అడిగేదీ అదే. నేనెవరినీ తప్పు పట్టను, పండుగలు పబ్బాలు ఉంటాయి. కాని మా ఇంట్లో నాకు షుగరు పడిపోయి అర్ధరాత్రి స్పృహ తప్పితే, మా ఆవిడ తలుపు తీసి కేక వేసింది. ముందు వచ్చింది మూడో ఇంటి ఆటో డ్రైవరు, ముస్లిం అబ్బాయి. చక్కెర నీళ్ళు నోట్లో పోసింది ఎదురింటి నర్సమ్మ. దవాఖానలో తెల్లవారేదాకా కూర్చున్నది ఒక రిటైర్డు పి.ఇ.టి. సారు. ముగ్గురూ మావాళ్ళు కారు. నేను ఇవాళ ఇక్కడ నిలబడి మాట్లాడుతున్నానంటే ఆ వీధి పుణ్యం.

పల్లెకు పోదామనే మిత్రులూ ఉన్నారు. పొలం చూసుకునే ఓపిక, పొలంతో గొడవ లేని అన్నదమ్ములు, రెండూ ఉంటే నిరభ్యంతరంగా పోవచ్చు. రెండూ ఉన్నవారిని నేను తక్కువ చూసినాను. పట్నంలో పిల్లల దగ్గర ఉండటం గురించి నేను ఎక్కువ చెప్పను, ఎవరింటి సంగతి వారిది. ఒక్కటి మాత్రం. పోయినా ఇక్కడి ఇల్లు ఆరు నెలల దాకా అమ్మకండి. పోయి, ఉండి, చూసి, అప్పుడు అమ్మండి. తిరిగి రావలసి వస్తే రావటానికి ఒక గడప ఉండాలి.

మేము చివరికి కొన్నది నూట యాభై గజాల్లో పాత ఇల్లు. మామిడిచెట్టు లేదు, బావి లేదు. గుమ్మాల దగ్గర మెట్లు తీసేసి వాలు చేయించినాను. లోపలే మరుగుదొడ్డి, పట్టుకోవటానికి గోడకు ఇనుప కడ్డీ. ముందు గది విడిగా తాళం వేసుకునేటట్టు కట్టించినాం. అందులో పాలిటెక్నిక్ పిల్లలో, నర్సింగు పిల్లలో కిరాయికి ఉంటారు. కిరాయి డబ్బు కంటే రాత్రి ఇంట్లో ఇంకొక లైటు వెలుగుతుందన్నదే మా ఆవిడకు ముఖ్యం. బస్సు స్టేజీ దగ్గరే. 2023 డిసెంబరు నుండి ఆడవాళ్ళకు బస్సులు ఉచితమైనాక ఆమె గద్వాలకు నెలకు రెండుసార్లు పోతున్నది. టికెట్టు కొనేది నేను ఒక్కణ్ణే కాబట్టి నన్ను తీసుకుపోవటం మానేసింది.

(సభలో నవ్వులు)

నాకిచ్చిన సమయం అయిపోయినట్టు అధ్యక్షుల వారు గడియారం చూస్తున్నారు. ప్లాటో, ఇల్లో చూసి పెట్టుకున్నవారు ఎవరైనా ఉంటే, ప్రతి బుధవారం పదకొండు నుండి ఒంటిగంట దాకా సంఘం గదిలో ఉంటాను. ఒరిజినల్ కాగితాలు తేవద్దు, జిరాక్సులు చాలు. పాత పహాణీ నకలు లేకుంటే దరఖాస్తు ఎట్లా రాయాలో నేను రాసిస్తాను. వచ్చేటప్పుడు ఇంట్లో వారిని వెంట తీసుకొని రండి, సగం ప్రశ్నలు వారినే అడగాలి. సెలవు.